మట్టి, ఇసుక, బురద దారుల్లో ఎక్స్‌పల్స్ 200 4వి ప్రో ఫోర్క్: చాలాకాలం వాడిన తరువాత

హీరో ఎక్స్‌పల్స్ 200 4వి ప్రో 2023లో వచ్చినప్పుడు దాని ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకొని గతుకులకు కిందికీ పైకీ కదిలే గొట్టాల జత కోసమే ఆ బండి తీసుకున్నాను. మామూలు ఎక్స్‌పల్స్‌లో ముందు సస్పెన్షన్ 190 మిల్లీమీటర్లు కదిలితే ప్రోలో 250 మిల్లీమీటర్లు కదులుతుంది. వెనుక 170కి బదులు 220 ఉంటుంది. వీటికి తోడు ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగానే ఎంత నొక్కి ఉంచాలన్నది), కంప్రెషన్ (కిందికి దిగేటప్పుడు ఎంత అడ్డు పడాలన్నది), రీబౌండ్ (నొక్కుకున్నాక ఎంత వేగంగా లేవాలన్నది) మూడింటినీ మనమే సరిచేసుకోవచ్చు. విజయనగరంలో ఉండేవాడికి ఈ సౌకర్యం ఎంత అవసరమో ఇక్కడి నేలను చూస్తే తెలుస్తుంది. తాటిపూడి జలాశయం వైపు కొండవాలు దారుల్లో ఎర్రకంకర, చంపావతి ఏటిలో ఇసుక, వానాకాలంలో పొలాల మధ్య జిగురుమట్టి, శ్రీకాకుళం దాటి ఉద్దానానికి వెళితే జీడితోటల నడుమ చక్రం కూరుకుపోయే ఇసుకబాటలు ఉంటాయి. ఒకే అమరికతో ఇన్ని నేలల మీద నడిపితే ఏదో ఒకచోట బండి చెప్పినమాట వినదు.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది సాగ్, అంటే మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు ఫోర్క్ ఎంత దిగుతుందన్నది. బండిని స్టాండు మీద నిలిపి ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, ఇరుసు మధ్య నుంచి పై క్లాంపు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. తరువాత హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి, ఫోర్క్‌ను రెండు మూడుసార్లు నొక్కి వదిలి, నిలకడగా ఉన్నప్పుడు అదే దూరాన్ని ఇంకొకరి చేత కొలిపించాలి. మా ఇంట్లో ఈ పని తమ్ముడిది. రెండు కొలతల మధ్య తేడా మొత్తం కదలికలో పావు వంతుకూ మూడో వంతుకూ నడుమ ఉంటే చాలు. నేను 70 మిల్లీమీటర్ల దగ్గర ఉంచుకుంటాను. ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు గాని, స్ప్రింగు గట్టితనం అలాగే ఉంటుంది, మారేది బండి ముందుభాగం నిలిచే ఎత్తు మాత్రమే. ప్రీలోడ్ పూర్తిగా బిగించినా సాగ్ ఎక్కువగానే వస్తుంటే ఆ మనిషి బరువుకు ఆ స్ప్రింగు చాలదని అర్థం, ఇక ఏ స్క్రూ తిప్పినా ప్రయోజనం ఉండదు.

నా అనుభవంలో అసలు విషయమంతా రీబౌండ్‌లో ఉంది, మనవాళ్లు తక్కువగా పట్టించుకునేదీ దానినే. గరివిడి, చీపురుపల్లి వైపు టిప్పర్లు తిరిగే మట్టిదారుల్లో అలల్లాగా వరుసగా పడే గతుకుల మీద ఇది బాగా తెలుస్తుంది. రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉంటే, మొదటి గతుకుకు నొక్కుకున్న ఫోర్క్ పూర్తిగా లేవకముందే రెండోది వస్తుంది, ఇంకా కిందికి దిగుతుంది, మూడో నాలుగో గతుకుకు కదలడానికి చోటే మిగలక చేతులు అదిరిపోతాయి. అది కంప్రెషన్ గట్టిగా ఉన్నందువల్లే అనుకొని దానిని మెత్తబరిస్తే ఫోర్క్ మరింత లోతుకు దిగి అదురు ఎక్కువవుతుంది. అక్కడ చేయవలసింది రీబౌండ్‌ను రెండు క్లిక్కులు (స్క్రూ తిప్పేటప్పుడు టక్కుమనే మెట్లు) వేగంగా పెట్టడం. మరీ వేగంగా పెడితే మాత్రం ముందు చక్రం ఎగిరిపడుతూ, కంకర మలుపుల్లో నేలను వదిలేసి హ్యాండిల్ ఊగిసలాడుతుంది. ఇంటి ముందే ఒక పరీక్ష చేయవచ్చు: ముందు బ్రేకు పట్టుకొని ఫోర్క్‌ను బలంగా నొక్కి వదిలితే అది ఒక్కసారి లేచి నిలవాలి. లేచి మళ్లీ కిందికి ఊగితే వేగం ఎక్కువ, బద్ధకంగా లేస్తే తక్కువ.

క్లిక్కులను ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి వదులు చేస్తూ లెక్కపెట్టాలి, చివర తగిలాక బలవంతం చేయకూడదు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, అదే దారిలో అదే టైరు గాలితో మళ్లీ నడిపి చూడాలి. టైరు కూడా ఒక స్ప్రింగే కాబట్టి గాలి మారితే పోలికకు అర్థం ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం లోపలి ఆయిల్ పలుచబడి ఫోర్క్ తెల్లవారుజామున ఉన్నదానికన్నా వదులుగా అనిపిస్తుంది గనుక, కాసేపు నడిపి వేడెక్కాకనే సరిచూసుకోవడం మంచిది.

రాళ్లూ కంకరా ఉన్న కొండదారుల్లో కంప్రెషన్ మెత్తగా ఉంటే చక్రం చిన్న రాళ్లను మింగుకుంటూ పోతుంది. ఇసుకలో లెక్క తారుమారవుతుంది: యాక్సిలరేటర్ వదలగానే బరువంతా ముందుకు వచ్చి చక్రం నాగలిలా దిగబడుతుంది. అందుకని ఉద్దానం వెళ్లేటప్పుడు ముందు కంప్రెషన్ రెండు మూడు క్లిక్కులు బిగించి, ప్రీలోడ్ కొంచెం పెంచి, ముందుభాగం ఎత్తుగా నిలిచేలా చేస్తాను. ఈ చిన్న మార్పుతో భుజాల నొప్పి సగానికి సగం తగ్గింది. కళింగపట్నం, బారువ లాంటి తీరాల్లో ఇసుక నున్నగా ఊరిస్తుంది గాని, శీతాకాలం నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ తీరంలో గుడ్లు పెడతాయి గనుక అక్కడికి బండి దించకూడదని గట్టిగా చెబుతాను. బురదకు పెద్దగా మార్చేదేమీ లేదు, కంప్రెషన్ ఒక క్లిక్కు వదులు చేస్తే పట్టు దొరుకుతుంది. జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాకా పోవాలంటే కంప్రెషన్ బిగించుకోవాలి, లేకపోతే ఇంత పొడవు కదిలే ఫోర్క్ బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు తలవంచుతుంది.

సంరక్షణ విషయంలో ఇసుకే పెద్ద శత్రువు. ఫోర్క్‌లోని ఆయిల్‌ను ఆపే సీలు అంచున చేరిన రేణువు సన్నని దారి చేసి ఆయిల్‌ను బయటికి లాగుతుంది. ప్రతి ఇసుక ప్రయాణం తరువాత రబ్బరు తొడుగు పైకెత్తి గొట్టాలను తుడిచి, సీలు పెదవి కింద పలుచని ప్లాస్టిక్ రేకును తిప్పి ఆ రేణువులను తీసేస్తాను. ఉప్పుగాలిలో తిరిగితే మంచినీళ్లతో కడగడం తప్పనిసరి. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ ఇరుసు క్లాంపు బోల్టులు బిగించే ముందు ఫోర్క్‌ను నాలుగైదుసార్లు నొక్కితే దాని రెండు గొట్టాలూ సమంగా సర్దుకుంటాయి. నేను వెళ్లిన ఒక వర్క్‌షాపులో ఈ పని చేయకుండానే బిగించేశారు, ఫోర్క్ చిన్న గతుకులకు కదలకుండా పట్టేసినట్టయింది. బోల్టులు వదులు చేసి నొక్కి మళ్లీ బిగించాక మామూలైపోయింది.

891 మిల్లీమీటర్ల సీటు ఎత్తు పొట్టివాళ్లకు కష్టమే, దానిని ప్రీలోడ్ తగ్గించి సరిపెట్టుకుందామనుకుంటే సాగ్ చెడుతుంది. రోజూ వెనుక మనిషిని ఎక్కించుకొని ఆఫీసుకు వెళ్లేవారు మామూలు ఎక్స్‌పల్స్ తీసుకోవడమే మేలు. మట్టిదారి కోసమే కొనేవారికి, స్క్రూ డ్రైవరూ చిన్న నోటు పుస్తకమూ వెంట ఉంచుకొనే ఓపిక ఉన్నవారికి ఈ ఫోర్క్ పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఇస్తుంది. పెద్ద గుంతల్లో అప్పుడప్పుడు ఫోర్క్ కదలిక చివరిదాకా దిగి టక్కున తగులుతున్నది కాబట్టి, ఈసారి ఫోర్క్ ఆయిల్ మార్చేటప్పుడు దాని మట్టం 5 మిల్లీమీటర్లు పెంచుతాను. మట్టం పెరిగితే పైన గాలి ఉండే చోటు తగ్గి కదలిక చివరి భాగం మాత్రమే గట్టిపడుతుంది, మొదట్లో ఉన్న మెత్తదనం అలాగే ఉంటుంది.