అమ్మని ఉంచిన నర్సింగ్ కేర్ హోమ్: రెండేళ్ళు దాటాక, ముఖ్యంగా రాత్రి డ్యూటీ గురించి

విశాఖలో భీమిలి వైపు ఉన్న ఒక హోమ్ ఇది. పేరు రాయను, అమ్మ ఇంకా అక్కడే ఉంది. గదులు, ఏసీ, తోట, వారానికోసారి డాక్టర్ రావడం, ఇవన్నీ వాళ్ళ బ్రోషర్‌లో ఉంటాయి, ఇలాంటి హోమ్‌లన్నీ దాదాపు ఒకే పాట పాడతాయి, కాబట్టి వాటి జోలికి పోను. రాత్రి ఎనిమిదికి షిఫ్ట్ మారాక ఆ ఫ్లోర్ మీద ఏం జరుగుతుందన్నదే నేను రాసేది. నా కోపమంతా దాని మీదే, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మా పరిస్థితి తెలిస్తేగానీ మిగతాది అర్థం కాదు. అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, షుగర్ ఉంది, మాట కూడా దాదాపు పోయింది, “ఊఁ”, “వద్దు” తప్ప పెద్దగా రావు. అంటే నొప్పి వస్తే నొప్పని చెప్పలేదు, బెల్ నొక్కలేదు, తనంతట తాను పక్కకి ఒత్తిగిల్లలేదు. మనిషేమో భారీ. నాది బ్యాంకు ఉద్యోగం, మా ఆయన నెలలో సగం రోజులు టూర్లలో ఉంటారు, అన్నయ్య డల్లాస్‌లో. ఇంట్లో మనిషిని పెట్టుకుని కూడా చూశాం, ఏజెన్సీ వాళ్ళు పంపిన అమ్మాయిలు పట్టుమని నెల ఉండేవాళ్ళు కాదు. “కన్నతల్లిని తీసుకెళ్ళి హోమ్‌లో పెట్టారా” అని ఫోన్ చేసి మరీ అడిగిన చుట్టాల్లో ఒక్కరు కూడా ఒక పూట వచ్చి డైపర్ మార్చలేదు, అది వేరే సంగతి.

చేర్చిన కొత్తలో నేనే ఈ హోమ్ గురించి కొలీగ్స్‌కి చెప్పాను, అందులో అబద్ధం లేదు. మొదటి నెలల్లోనే ఒక ఆయా గమనించిన విషయం చెప్తాను. అమ్మ మంచినీళ్ళు తాగితే దగ్గుతోంది, రాగిజావ తాగితే దగ్గడం లేదు అని ఆ అమ్మాయి తనంతట తాను వెళ్ళి నర్సుకి చెప్పింది. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి పల్చటివే ఎక్కువ ప్రమాదం, గొంతులో అదుపు తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా దాకా వెళ్తుంది. డిశ్చార్జ్ కాగితంలో ఆ ముక్క లేదు. ఆ రోజు నుంచి నీళ్ళు చిక్కగా చేసి, కూర్చోబెట్టి, చెంచాతో పట్టించారు. పెద్ద చదువుల్లేని ఆ పిల్ల చూపుకి దండం పెట్టాలనిపించింది. అయితే ఆ అమ్మాయిది పగటి డ్యూటీ, పైగా ఆరేడు నెలలకే మానేసింది, తర్వాత వచ్చినవాళ్ళకి ఆ చిక్కటి నీళ్ళ సంగతి మళ్ళీ నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. భోజనం బాగుంటుందని కూడా అందరికీ చెప్పేదాన్ని. ఇప్పటికీ బాగానే ఉంటుంది, సొంత చేత్తో తినగలిగినవాళ్ళకి. తినిపించాల్సినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పప్పన్నం చల్లారిపోయి ఉంటుంది.

ఇక అసలు విషయం. మంచం పట్టినవాళ్ళని సుమారు రెండు గంటలకోసారి తిప్పాలి, లేకపోతే ఎముక తేలిన చోట, అంటే నడుం కింద, మడమల దగ్గర, తుంటి దగ్గర రక్తం ఆడక పుళ్ళు పడతాయి. ప్రతి మంచానికీ ఒక టర్నింగ్ చార్ట్ ఉంటుంది, ఎడమ, వెల్లకిలా, కుడి అని టైమ్ ప్రకారం రాసి పొట్టి సంతకం పెడతారు. వెళ్ళినప్పుడల్లా దాన్ని ఫోటో తీసి అన్నయ్యకి పంపడం నాకు అలవాటు, అక్కడ వాడికీ కాస్త నిశ్చింత.

ఒక ఆదివారం సాయంత్రం ఆరు దాటాక వెళ్ళాను. ఫోటో తీస్తుంటే తేదీ కనిపించింది, ఆ రోజుదే. కిందికి చూస్తే రాత్రి 10, 12, తెల్లవారుజామున 2, 4 గడులన్నీ నిండి ఉన్నాయి. ‘ఎ’, ‘వె’, ‘కు’, ‘ఎ’, అదే నీలం ఇంకు, అదే వాలు రాత, అదే సంతకం. బయట ఇంకా వెలుగు పోలేదు, అమ్మని రాత్రి నాలుగింటికి ఎడమ పక్కకి తిప్పేశారన్నమాట.

ఆయాని పిలిచి ఇద్దరం కలిసి అమ్మని పక్కకి తిప్పాం. వెన్ను చివర, పిరుదుల పైన, పది రూపాయల బిళ్ళంత ఎర్రగా ఉంది. హాస్పిటల్లో ఉన్నప్పుడు ఒక నర్సు నేర్పింది: ఎర్రటి చోట వేలితో నొక్కి వదలండి, తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే పర్వాలేదు, నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకి మొదటి మెట్టు. నొక్కాను. తెల్లబడలేదు. ఆల్ఫా బెడ్ (పుళ్ళు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు) ఉందిగా అనుకుని పరుపు కింద అరచెయ్యి పెట్టి చూస్తే గాలే లేదు, అమ్మ ఎముక నేరుగా నా చేతికి తగిలింది. పంపు ప్లగ్ పీకేసి ఉంది, ఆ సాకెట్‌లో ఎవరిదో ఫోన్ ఛార్జర్. నేను ఛార్జర్ తీసి పంపు పెట్టాను, ఎవరి ఫోనో అడగను కూడా అడగలేదు, అడిగితే నా నోటికి ఏం వచ్చేదో.

ఆ రాత్రి పదకొండింటికి మళ్ళీ వెళ్ళాను. విజిటింగ్ అవర్స్ అయిపోయాయని సెక్యూరిటీ గేటు తీయలేదు, పోలీసులకి ఫోన్ చేస్తానంటే తీశాడు. పైన ఫ్లోర్ అంతటికీ ఒకే ఒక్క ఆయా. పద్దెనిమిది మంచాలు, అందులో తిప్పాల్సినవాళ్ళు సగానికి పైనే. నర్సు కింద ఫ్లోర్‌లో ఉంది, రెండు ఫ్లోర్లకీ ఆవిడే. ఆయాది శ్రీకాకుళం వైపు ఊరు, వయసు నాకంటే ఎక్కువే ఉంటుంది, నన్ను చూసి భయపడింది. “ఏటి సేయమంటారమ్మా, నేనొక్కదాన్నే. అమ్మగారి బరువుకి ఇద్దరుండాల. లాగితే తోలు సీరుకుపోద్ది” అంది. ఆవిడ అన్నది అక్షరాలా నిజం, ఒక్కరే లాగితే దుప్పటి మీద చర్మం రాపాడి, తిప్పకపోవడం కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. అడ్డంగా వేసిన దుప్పటిని చెరోవైపు పట్టుకుని ఇద్దరు ఎత్తి జరపాలి.

మరి చార్ట్ ఎవరు నింపారంటే, సాయంత్రం షిఫ్ట్ వాళ్ళు. పొద్దున్న సూపర్‌వైజర్ వచ్చి చార్టులు చూస్తారట, గడి ఖాళీగా ఉంటే ఆ రోజు జీతంలో కోత. వీపు చూసేవాళ్ళు లేరు. నాకు ఆయా మీద కోపం ఎందుకు నిలవలేదో, మేనేజ్‌మెంట్ మీద ఎందుకు పోలేదో ఇదే కారణం. గడి ఖాళీగా ఉంటే ఆయాకి శిక్ష ఉంది, వీపు ఎర్రబడితే ఎవరికీ లేదు. అలాంటప్పుడు ఎవరైనా గడే నింపుతారు.

మర్నాడు మేనేజర్ మాట్లాడిన తీరు: “షుగర్ పేషెంట్ కదా మేడమ్, ఈ వయసులో కామన్.” షుగర్ ఉంటే మానడం ఆలస్యమవుతుంది నిజమే, కానీ షుగర్ ఉందని ఆరు గంటలు ఒకే వైపు పడుకోబెట్టమని ఎవరు చెప్పారు? నైట్ డ్యూటీ అటెండెన్స్ రిజిస్టర్ చూపించమన్నాను, “ఇంటర్నల్” అన్నారు. నేను గొడవ పడుతున్న వారంలోనే ఆ ఎరుపు చిట్లి పైతోలు పోయింది. డ్రెస్సింగులు, పక్కకి వాల్చి దిండ్లు పెట్టడం, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు, రోజూ రెండు గుడ్లు, ఇలా చేస్తే మానడానికి నెలన్నర పట్టింది. లోతుకి పోకముందే దొరికింది, అది అదృష్టం అంతే. డ్రెస్సింగ్ సామాన్లకి బిల్లు మాత్రం మాకే వేశారు.

అన్నయ్య అప్పుడు చెప్పిన సంగతి ఒకటి ఉంది. అమెరికాలో మెడికేర్ వాళ్ళు (పెద్దవాళ్ళ వైద్యానికి అక్కడి ప్రభుత్వ బీమా) 2008 నుంచి నర్సింగ్ హోమ్‌లకి ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తున్నారు, తనిఖీలు, సిబ్బంది, సంరక్షణ నాణ్యత, ఈ మూడూ చూసి. సిబ్బంది లెక్క హోమ్ చెప్పిన మాట మీద కాకుండా జీతాల పద్దు నుంచి తీసుకుంటారు, 2022 నుంచి శని, ఆదివారాల సిబ్బందిని కూడా లెక్కలోకి తెచ్చారు. అంటే అక్కడా ఇదే రోగం ఉండబట్టే కదా. పైగా నాణ్యత కొలతల్లో చాలా వరకు హోమ్‌లు స్వయంగా రాసి పంపేవేనట, వాటిని మన టర్నింగ్ చార్ట్‌తో సమానంగా చూడమన్నాడు. ఇక్కడ నాకు దొరికిన నక్షత్రాలు గూగుల్‌వి, అవి పగలు వచ్చి కాఫీ తాగి వెళ్ళినవాళ్ళు ఇచ్చినవి. 2007 పెద్దల చట్టంలో జిల్లాకో ప్రభుత్వ వృద్ధాశ్రమం అని ఉంది, అది దిక్కులేని పేదల కోసం, మనం డబ్బు కట్టి చేర్చిన చోట రాత్రి ఎంతమంది ఉండాలో దాన్ని పట్టుకుని అడగలేం. 14567 ఎల్డర్‌లైన్ అని పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, మర్యాదగా మాట్లాడతారు, కానీ అది పనిచేసేది పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. సరిగ్గా నా సమస్య మొదలయ్యే టైమ్‌కి అది ముగుస్తుంది.

గొడవ తర్వాత రాత్రికి ఇంకో ఆయాని వేశారు. కొన్నాళ్ళు బాగా నడిచింది, తర్వాత శని, ఆదివారాల్లో మళ్ళీ ఒక్కరే కనిపించడం మొదలైంది, సంక్రాంతికైతే చెప్పనక్కర్లేదు. చివరికి ఆ వరసలోనే ఉన్న ఇంకో రెండు కుటుంబాలతో మాట్లాడి ముగ్గురం కలిసి సొంతంగా ఒక నైట్ అటెండెంట్‌ని పెట్టుకున్నాం. ఆవిడ, ఫ్లోర్ ఆయా కలిస్తే ఇద్దరవుతారు, తిప్పడం జరుగుతోంది. హోమ్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు, తర్వాత “బయటి మనిషి” పేరుతో భోజనం ఛార్జీ కూడా వేశారు. నెలనెలా ఈ అదనపు ఖర్చులో సగం అన్నయ్య పంపిస్తున్నాడు కాబట్టి సాగుతోంది, ఒక్క జీతం మీద అయితే నా వల్ల అయ్యేది కాదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇలాంటి చోట ఉన్నందుకు పైసా ఇవ్వరు, అది ముందే లెక్కలో పెట్టుకోండి.

మరి మార్చొచ్చుగా అంటారు. ఇంకో రెండు హోమ్‌లు చూశాను, రాత్రి ఎంతమంది ఉంటారంటే ఒకచోట “సరిపడా ఉంటారు మేడమ్” అన్నారు, రెండో చోట అసలు రాత్రి లోపలికి రానివ్వమన్నారు. ఇక్కడ కనీసం నాకు ఎవరు అబద్ధం చెప్తారో తెలుసు. ఫిజియోథెరపీ అబ్బాయి మంచివాడు, అమ్మ ఎడమ చేత్తో చెంచా పట్టుకుంటోంది, ఆ అబ్బాయి వస్తే ముఖం వెలుగుతుంది. ఇప్పుడు వెళ్తే నేను చార్ట్ చూడను, ముందు మడమలు చూస్తాను, తర్వాత నడుం, తర్వాత పరుపు కింద చెయ్యి పెడతాను. మీరు కొత్తగా చూడడానికి వెళ్తే తోట చూపిస్తారు, చూడండి, కానీ నాలుగో రోజు రాత్రి చెప్పకుండా వెళ్ళండి, లిఫ్ట్ దగ్గర నిలబడి ఎంతమంది తిరుగుతున్నారో లెక్కపెట్టండి.

నా వరకు ఐదుకి మూడు. మీ పెద్దవాళ్ళు తమంతట తాము ఒత్తిగిల్లగలిగి, బెల్ నొక్కి గట్టిగా పిలవగలిగితే నాలుగు వేసుకోవచ్చు. అమ్మలా మాట రానివాళ్ళైతే, రాత్రి మనిషికి విడిగా ఇచ్చుకునే స్తోమత లేకపోతే, రెండు కూడా ఎక్కువే. చేర్చేముందు ఏ టైమ్‌లోనైనా లోపలికి రావచ్చని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నన్ను ఇప్పుడు ఎప్పుడెళ్ళినా రానిస్తున్నారు గానీ, మా కాగితంలో మాత్రం ఇప్పటికీ పది నుంచి ఆరు అనే ఉంది, మార్చమని అడిగినప్పుడల్లా వచ్చే నెల రెన్యువల్‌లో చూద్దాం అంటున్నారు.