విత్తడానికి పక్షం చూడాలా, మట్టి చూడాలా?

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు మట్టికే. అలాగని చంద్రుణ్ణి చూసి విత్తేవాళ్లను తీసిపారేయను, రెండేళ్లు నేనూ అలాగే విత్తాను.

శుక్ల పక్షంలో టమాటా, వంగ, ఆకుకూరల్లాంటి నేల పైన పండేవి, కృష్ణ పక్షంలో ముల్లంగి, క్యారట్ లాంటి దుంపలు వేయాలన్నది పద్ధతి. సముద్రాన్ని లాగే చంద్రుడు మట్టిలో తేమనూ పైకి లాగుతాడని దీనికి చెప్పే కారణం. కానీ సముద్రం వేల కిలోమీటర్లు పరుచుకుని ఉంది కాబట్టి అక్కడ ఆ లాగుడు కనిపిస్తుంది, మడిలో మట్టికి అది లెక్కలోకి రానంత తక్కువ. పైగా పెద్ద పోట్లు పౌర్ణమికే కాదు, అమావాస్యకూ వస్తాయి, మరి పెరిగే చంద్రుడికీ తరిగే చంద్రుడికీ తేడా ఎక్కడుంది? వెన్నెల వల్ల అంటారా, నిండు పున్నమి వెలుగు ఎండలో సుమారు 4 లక్షల్లో ఒక వంతు మాత్రమే.

చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో దాన్ని బట్టి వేరు రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, పండు రోజు అని పంచే క్యాలెండర్‌తో ఇంకా కష్టం. వాన పడి నేల బురదగా ఉన్నా, ఇవాళ దాటితే మళ్లీ వారం పైనే ఆగాలంటుంది.

మట్టి వేడి మాత్రం కళ్లముందే తేడా చూపిస్తుంది. బెండ గింజ 30 డిగ్రీల నేలలో వారానికల్లా మొలుస్తుంది, అదే 15 డిగ్రీల్లో దాదాపు నాలుగు వారాలు, ఈలోపు చాలా గింజలు కుళ్లిపోతాయి. ఓసారి శుక్ల పక్షం దాటిపోతుందన్న టెన్షన్‌లో చలిలోనే బెండ పెట్టేశాను, పది రోజులకి తవ్వి చూస్తే గింజ ఉబ్బిపోయి ఉంది, వేళ్ల మధ్య నొక్కగానే తెల్లగా పిండిలా చితికిపోయింది. పక్షం సరిగ్గానే ఉంది, నేలే చల్లగా ఉంది.

చంద్రుడి దారిలో నాకు నచ్చేది ఒకటుంది, అది క్రమం తప్పదు. ముల్లంగి, పాలకూర అన్నీ ఒకేసారి వేస్తే ఒకేసారి కోతకొచ్చి ముదిరిపోతాయి, పక్షానికోసారి కొంచెం కొంచెం వేస్తే కోత ఆగకుండా వస్తుంది. ఆ గుర్తు కోసం నేను ఇప్పటికీ ఆకాశం చూస్తాను. అయినా గింజ చేతిలోకి తీసుకునే ముందు పిడికెడు మట్టి నొక్కి చూడాల్సిందే: ముద్ద కట్టాలి, బొటనవేలితో తట్టగానే విడిపోవాలి. నీళ్లు కారితే ఆగండి, ముద్దే కట్టకపోతే తడిపి మర్నాడు వేయండి.

నమ్మకం కుదరకపోతే ఒకే ప్యాకెట్ ముల్లంగి గింజలు సగం ఈ పక్షంలో, సగం వచ్చే పక్షంలో వేసి, మొలక వచ్చిన రోజు, ఆ వారం నేల వేడి పక్కపక్కనే రాసుకోండి. ఒక్కసారితో తేల్చేయకుండా నాలుగైదు నెలలు చేయండి.