నల్లగొండలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్‌తో టెక్సాస్‌లో డ్రైవింగ్

డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా నల్లగొండ ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే వెళ్తున్నాను. లైసెన్సు, పాస్‌పోర్టు జత చేసి ఫారం 4ఏ ఇవ్వాలి, ఫీజు 1000 రూపాయలు. చెల్లేది ఏడాదే, కాబట్టి తర్వాతి ప్రయాణానికి మళ్లీ కొత్తది. దాంతోపాటు ఒరిజినల్ లైసెన్సు కార్డు జేబులో లేకపోతే ఆ బుక్‌లెట్ ఉత్త కాగితమే. పదేళ్లు చెల్లుతుందంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోకండి.

కుడివైపు నడపడం తొందరగానే అలవాటవుతుంది. బోర్డు మీద 70 అంటే మైళ్లు, మన లెక్కలో దాదాపు 113 కిలోమీటర్లు. అదీ పెద్ద సమస్య కాదు. మన చేతికి, కాలికి ఎదురు తిరిగేది స్టాప్ బోర్డు. కనుచూపు మేరలో పురుగు లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి, స్లో చేస్తే సరిపోదు. నాలుగు దిక్కులా స్టాప్ ఉన్నచోట ముందు వచ్చినవాడు ముందు పోతాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాడిది వంతు. నార్కట్‌పల్లి దాటి అద్దంకి రోడ్డెక్కితే మన చెయ్యి హారన్ మీదే ఉంటుందా, టెక్సాస్‌లో అది కొడితే తిట్టినట్టే లెక్క!

పసుపు రంగు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగిందంటే వెనక వాళ్లే కాదు, ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. మధ్యలో డివైడర్ ఉంటే ఎదురువైపు వాళ్లకు మినహాయింపు, ఉత్త పసుపు గీతలుంటే లేదు. టెక్సాస్‌లో మొదటిసారికే జరిమానా 500 డాలర్ల నుంచి మొదలవుతుంది.

పోలీసు వెనక లైట్లు వేస్తే కుడి పక్కకు తీసి ఆపాలి. ఇక్కడైతే కాగితాలు పట్టుకుని దిగి ఎస్సై దగ్గరికి మనమే నడుస్తాం. అక్కడ దిగొద్దు. చేతులు స్టీరింగ్ మీద కనపడేలా పెట్టుకుని, ఆయన అడిగాకే కాగితాలు తీయాలి.

పర్మిట్ ఉంది కదా అని పిల్లల కారు తాళాలు తీసుకోకండి. వాళ్ల ఇన్సూరెన్సు మనకూ వర్తిస్తుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోమనండి. ఇంకోటి, ఎర్ర లైటు దగ్గర ఆగి చూసుకుని కుడికి తిరగడం టెక్సాస్‌లో కుదురుతుంది. న్యూయార్క్ నగరంలో మాత్రం, బోర్డు ఉంటే తప్ప, కుదరదు.