బెజవాడ నుంచి రెండు రోజుల సెలవుకు: హైదరాబాదా, చెన్నైనా?

బెజవాడ, గుంటూరు వాళ్లకు హైదరాబాద్ అంటే చుట్టాలిల్లు, ఉద్యోగం, ఆస్పత్రి. ఊరు చూద్దామని పనిగట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లిన పని అయ్యాక ఓ పూట మిగిలితే చార్మినార్ ముందు ఫొటో దిగి బస్సెక్కేస్తారు. 1953 అక్టోబర్ 1 దాకా చెన్నై మనకూ రాజధానే. ఇప్పుడు అక్కడికి పెళ్లి చీరల కోసం వెళ్లి, టి.నగర్ నుంచే వెనక్కి తిరిగేవాళ్లు ఎక్కువ. కేవలం చూడ్డానికే వెళ్తే రెండింటిలో ఏది ఎంచుకోవాలి? చిన్నపిల్లలు, సొంత కారు ఉంటే హైదరాబాద్. పెద్దవాళ్లే రైల్లో వెళ్తుంటే, చేతిలో రెండు పూర్తి రోజులుంటే, చెన్నై.

ముందు చూసుకోవాల్సింది వారం. శుక్రవారం రెండు ఊళ్లలోనూ దెబ్బే. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, కుతుబ్‌షాహీ సమాధులు మూడూ శుక్రవారం మూసేస్తారు. చెన్నైలో ఎగ్మోర్ మ్యూజియం, సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం కూడా అంతే. గోల్కొండ కోట, మహాబలిపురం మాత్రం తెరిచే ఉంటాయి కాబట్టి సెలవులో శుక్రవారం తప్పకపోతే ఆ రోజు వాటికి కేటాయించండి. హైదరాబాద్ జూకి సోమవారం సెలవు, చెన్నై దగ్గరి వండలూరు జూకి మంగళవారం. పిల్లల్ని వెంటబెట్టుకుని జూ గేటు దాకా వెళ్లి వెనక్కి రావడం కన్నా పెద్ద శిక్ష లేదు.

చెన్నైకి రైలే మేలు. బెజవాడ నుంచి సెంట్రల్‌కి 431 కిలోమీటర్లు. గుంటూరు వాళ్లు తెనాలి వెళ్లి ఎక్కితే సులువు. తెల్లారుజామున బయల్దేరే పినాకిని ఎక్కితే దిగేసరికి మధ్యాహ్నమై సగం రోజు పోతుంది. అర్ధరాత్రి అటూ ఇటూ బెజవాడ మీదుగా పోయే బళ్లు పొద్దున్నే దింపుతాయి. ఒక్క చిక్కేమిటంటే జీటీ, తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లు ఢిల్లీ నుంచి వస్తాయి. డిసెంబర్, జనవరిలో ఉత్తరాది పొగమంచుకు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో హైదరాబాద్ నుంచి వచ్చే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ నయం. అది సెంట్రల్‌కి కాకుండా ఎగ్మోర్ మీదుగా తాంబరం వెళ్తుంది, మ్యూజియానికి అదే దగ్గర. బస్సులో వెళ్తే ఆంధ్రా బస్సులు మాధవరం టెర్మినస్‌లో ఆగుతాయి. కోయంబేడులో దిగుతామనుకుని అక్కడికి దగ్గర్లో గది బుక్ చేస్తే సామాన్లతో ఊళ్లో మళ్లీ ఒక ప్రయాణం చేయాలి.

సెంట్రల్‌లో సామాను క్లోక్‌రూంలో పెట్టేయొచ్చు. టికెట్ చూపాలి, బ్యాగుకు తాళం ఉండాలి. తాళం వేయని బ్యాగు తీసుకోరు కాబట్టి చిన్న తాళం ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

ఇక ఎగ్మోర్ మ్యూజియం. చెన్నైకి మొగ్గడానికి మొదటి కారణం ఇదే. సెంట్రల్ నుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో ఒక్క స్టేషన్. 1851లో పెట్టిన ఈ మ్యూజియంలో ఉన్నది మన అమరావతి. ధరణికోట పక్కనున్న స్తూపం పలకల్లో కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, పెద్ద వాటా ఇక్కడుంది. అమరావతి వెళ్లి దిబ్బ చుట్టూ తిరిగి ‘ఇంతేనా’ అనుకున్నవాళ్లకు ఆ దిబ్బ ఒకప్పుడు ఎలా ఉండేదో ఈ పలకలు చూశాకే తెలుస్తుంది. స్తూపం మొత్తం రూపాన్ని చిన్నగా చెక్కిన పలకలను ముందు చూడండి. ఆ తర్వాత విడి ముక్కల్లో ఏది ఎక్కడ అతికేదో మీకే అర్థమవుతుంది. నలగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసే గుండ్రటి శిల్పాన్ని వదలొద్దు. ఎడమ సగంలో ఏనుగు జనాన్ని తొక్కుతూ వీధిలోకి వస్తుంది, కుడి సగంలో అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. రాయి పలనాటి సున్నపురాయే. కంచు విగ్రహాల విభాగంలో తిరువాలంగాడు నటరాజు ఉన్నాడు. చాలామంది చేసే పని ఏమిటంటే, లోపలికి రాగానే జంతువుల కళేబరాల గదుల్లో గంట గడిపి, కాళ్లు నొప్పులని బయటికి వచ్చేయడం. ఆవరణలో భవనాలు చాలా ఉన్నాయి. పురావస్తు విభాగం, కంచు విగ్రహాలు ముందు చూసి, ఓపిక మిగిలితేనే మిగతావి.

మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి, తిరువల్లిక్కేణి పార్థసారథి గుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తెరుస్తారు. కాబట్టి ఉదయం మ్యూజియం, మధ్యాహ్నం భోజనం, నాలుగు దాటాక గుళ్లు, చీకటి పడేలోపు మెరీనా అన్న వరస కుదురుతుంది. సూర్యలంకలో నడుం లోతు దాకా వెళ్లిన అలవాటుతో మెరీనాలో దిగొద్దు. అక్కడ నేల ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది, స్నానానికి నిషేధం కూడా ఉంది.

రెండో రోజు మహాబలిపురం. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద 60 కిలోమీటర్ల లోపే. తీర దేవాలయానికీ పంచరథాలకూ ఒకటే టికెట్, దాన్ని పారేయకుండా దాచుకోండి. అర్జున తపస్సు శిల్పానికి టికెట్ లేదు. పొద్దున ఎనిమిదికల్లా చేరితేనే సుఖం. పదకొండు దాటితే రాయి కాలుతుంది, నీడ దొరకదు.

చెన్నైలో బస్సుల బోర్డులు అరవంలో ఉన్నా నంబర్లు మనకు తెలిసిన అంకెలే. సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. హైదరాబాద్‌లో ఉచితం తెలంగాణ వాళ్లకే, మన ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతాడు.

హైదరాబాద్‌కి రోడ్డు మీద దాదాపు 275 కిలోమీటర్లు. రాత్రి పదకొండు బస్సెక్కితే తెల్లారుజామున నాలుగైదుకు దింపేస్తుంది, పది దాకా తలుపు తెరిచేవాడు ఉండడు. తెల్లారగట్ల బస్సే నయం. గుంటూరు వాళ్లకైతే నడికుడి, నల్గొండ మీదుగా వెళ్లే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఉండగా బెజవాడ వచ్చి కాజీపేట చుట్టూ తిరగక్కర్లేదు. బస్సు వాళ్లు ఎల్బీనగర్‌లో దిగిపోవాలి. రెడ్ లైన్ మెట్రో అక్కడే మొదలవుతుంది, మారే పని లేకుండా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) చేరతారు. అక్కడి నుంచి సాలార్‌జంగ్ దగ్గరే. చార్మినార్‌కి మెట్రో లేదు, ఎంజీబీఎస్ నుంచి ఆటోలో వెళ్లాలి. కారుంటే బస దగ్గరే వదిలేయండి. పాతబస్తీలో పార్కింగ్ వెతకడానికే పూట గడిచిపోతుంది.

సాలార్‌జంగ్‌లో సంగీత గడియారం ముందు పన్నెండింటికి పదిహేను నిమిషాల ముందే కూర్చోండి. పన్నెండు సార్లు గంట కొట్టేది అప్పుడే, జనం విరగబడేదీ అప్పుడే. గోల్కొండకు వేరే రోజు పెట్టుకోవాలి. తొమ్మిదికల్లా మెట్లెక్కడం మొదలుపెట్టాలి, మూడున్నర వందల పైచిలుకు ఉంటాయి. కింద కొట్టిన చప్పట్లు పైదాకా వినిపించే మహిమ చూడాలంటే మీలో ఒకరు కింద గుమ్మటం దగ్గరే ఆగాలి. అందరూ కలిసి పైకెక్కితే వినిపించేవి పక్కవాళ్ల చప్పట్లే. కుతుబ్‌షాహీ సమాధులు పక్కనే. నిజానికి కోట కన్నా అవే బాగుంటాయి, జనం కూడా పలచన.

పిల్లలుంటే రామోజీ ఫిల్మ్ సిటీ మనకు దారిలోనే తగులుతుంది, సిటీలోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావద్దు. టికెట్ ధరకు న్యాయం జరగాలంటే తొమ్మిదికి గేటు దగ్గర ఉండాలి. పదకొండు తర్వాత వెళ్తే ఇచ్చిన డబ్బులో సగం దండగ.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బిర్యానీకి మధ్యాహ్నం వేళే మంచిది. చెన్నై సాంబారులో మనవాళ్లకు కారం చాలదు, కాఫీ దగ్గర మాత్రం నోరెత్తలేరు. డిసెంబర్ మధ్య నుంచి జరిగే సంగీత సభల క్యాంటీన్లలో టిఫిన్ తినండి. చాలా సభల్లో పగటి కచేరీలు ఉచితం, వినిపించేవి ఎక్కువగా త్యాగరాజ కీర్తనలే, అంటే తెలుగే.

కాలం సంగతికొస్తే, అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా చెన్నైలో వాన భయం ఉంటుంది. హైదరాబాద్‌కు సంక్రాంతి మంచి అదను. భోగికి ముందు పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లన్నీ మనవైపు వచ్చేవి, మనం వెళ్లే వైపు ఖాళీ. కనుమ తర్వాత తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఆ మూడు రోజులు మ్యూజియాలకు సెలవేమైనా ఉందేమో మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి.