గేర్ సైకిల్ కొంటున్నారా? షాపు గుమ్మం దాటకముందే పెడళ్లు చూసుకోండి

విజయనగరంలో పిల్లలకి గేర్ సైకిల్ కొనబోయేవాళ్లు ఇది చదివి వెళ్లండి. షాపు పేరు రాయడం లేదు, ఇలాంటి బిగింపు ఎక్కడైనా జరగొచ్చు.

మా గుంటడు పదో తరగతికి వచ్చాడని గత నెల రూ.11,500 పెట్టి 21 గేర్ల సైకిల్ కొన్నాను. అట్టపెట్టెలోంచి తీసి షాపు కుర్రాడు మా కళ్లముందే అరగంటలో బిగించేశాడు. పెడల్ ఎక్కనని మొరాయిస్తుంటే పానాకి ఇనుప గొట్టం తొడిగి మరీ తిప్పాడు. "కొత్తది కదా సార్, టైటుగానే ఉంటుంది" అన్నాడు. నేనూ తలూపాను.

తొమ్మిదో రోజు సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద ఎడమ పెడల్ ఊడి, వాడి చెప్పుతో సహా రోడ్డు మీద పడింది. వెనకొస్తున్న ఆటో అతను బ్రేకు కొట్టబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది.

కంటోన్మెంట్ వైపు చెట్టు కింద రిపేర్లు చేసే పెద్దాయన దగ్గరికి నడిపించుకెళ్లాం. "ఇదేటి బాబూ, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ ఎక్కించేశారు" అన్నాడు. ఊడిన పెడల్ ఇరుసు కొస తుడిచి చూపిస్తే 'ఆర్' అని చెక్కి ఉంది. క్రాంకు, అంటే పెడల్ బిగించే చెయ్యి, దాని కన్నంలో మర మిగల్లేదు, వేలు పెడితే కొబ్బరి కోరులాంటి అల్యూమినియం పొడి రాలింది. ఇరుసు ఉక్కు, క్రాంకు మెత్తటి అల్యూమినియం. బలవంతం చేస్తే ఏది అరుగుతుందో చెప్పక్కర్లేదు.

కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమదానిది ఎదురు మర, అంటే ఎడమకి తిప్పితే బిగుస్తుంది. తొక్కుతున్నప్పుడు మన బరువు ఇరుసు చుట్టూ తిరుగుతూ పడుతుంది, దాంతో ఇరుసు తన కన్నంలో దానికి ఎదురు దిశలో కొంచెం కొంచెంగా జరుగుతుంది. రెండు వైపులా ఒకే మర ఉంటే ఎడమది తొక్కేకొద్దీ వదులైపోతుంది. విమానం కంటే ముందు సైకిళ్లు చేసి అమ్మిన రైట్ సోదరులు 1900లోనే ఇలా ఎదురు మర పెడళ్లు పెట్టారు. మా షాపు కుర్రాడికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

మీరు చూడాల్సింది చాలా తేలిక. ఇరుసు కొసన 'ఎల్' అని ఉంటే ఎడమ, 'ఆర్' అని ఉంటే కుడి. మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిరగాలి. ఆ తర్వాతే పానా. ఏ వైపైనా సరే, పైకి నిలబెట్టిన పానాని ముందు చక్రం వైపు వంచితే బిగుస్తుంది. చేత్తో ఎక్కకపోతే అక్కడే ఆపించండి. గొట్టం తీశాడంటే సైకిల్ వదిలేసి వచ్చేయండి.

గేర్లూ అంతే. పెద్ద పళ్లచక్రం మీదకి వేస్తే చైన్ దాన్ని దాటి చువ్వల్లో పడేది. వెనక గేర్ మార్చే పరికరం మీద చైన్ హద్దుల కోసం రెండు చిన్న స్క్రూలుంటాయి, వాటిని ముట్టుకోనే లేదు. పెద్దాయన రెండు నిమిషాల్లో సరిచేశాడు. అన్నట్టు, 21 అంటే 21 రకాలని మురిసిపోకండి. మా సైకిల్‌కి ముందు 42, వెనక 28 పళ్లు వేసినా, ముందు 24, వెనక 16 వేసినా పెడల్ ఒక చుట్టుకి చక్రం చుట్టున్నరే తిరుగుతుంది.

షాపుకి వెళ్తే "మీవాడు గుద్దేసుంటాడు, వారంటీ ఫ్రేముకే" అన్నారు. కుడి క్రాంకు ముందు పళ్లచక్రాలతో కలిపే వస్తుంది కాబట్టి సెట్టు మొత్తం మార్చాల్సి వచ్చింది. పెడళ్లు, కూలీ కలిపి రూ.1,850. బిల్లు, ఫొటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. పాత క్రాంకులు, ఆ పొడి రాలకుండా కవర్లో చుట్టి అటక మీద దాచాను.