పడటం నేర్పిన జూడో శిక్షణ కేంద్రం

మూడేళ్ళ క్రితం స్కూటరు మీద నుంచి పడి మణికట్టు విరిగినప్పటి నుంచి, తడి మెట్టు కనిపిస్తే చాలు గోడ పట్టుకుని నడిచేంత భయం నాలో పాతుకుపోయింది. ఆ భయంతోనే, నలభై ఒకటో ఏట, మా ఇంటికి దగ్గరలోని జూడో శిక్షణ కేంద్రంలో చేరాను. ఆరు నెలల అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో, పన్నెండు తతామి చాపలు పట్టే గదిలో జిగోరో కానో ప్రారంభించిన ఈ విద్యలో తొలి పాఠం దెబ్బ తగలకుండా పడటం. జపనీయులు దానిని ఉకెమి అంటారు. మా శిక్షకురాలు మొదటి ఐదు వారాలూ నన్ను ఎవరితోనూ తలపడనివ్వలేదు. వెల్లకిలా పడుకుని చేతులతో మ్యాట్‌ను చరచడం, గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం, ఆ తరువాతే నిలబడి పడటం. గడ్డం ఛాతీకి ఆనించి చూపును నడికట్టు ముడి మీద నిలిపితే తల నేలకు కొట్టుకోదని, చేతిని ఏటవాలుగా చాచి మొత్తంగా ఒక్కసారి చరిస్తే దెబ్బ ఒకేచోట పడకుండా చెదిరిపోతుందని ఆమె ఓపికగా చూపించారు. ఆనాడు నేను అరచేతిని నేలకు ఊనడం వల్లే మణికట్టు విరిగిందని అప్పుడు గ్రహించాను. కారణం తెలిసిన తరువాత భయం తగ్గడం మొదలైంది.

ఎదుటివారి నిలకడను చెదరగొట్టడాన్ని కుజుషి అంటారు. దానికోసం కళ్ళు మూసుకుని ఒకరి చొక్కా అంచును, చేతిని మరొకరం పట్టుకుని, బరువు ఏ పాదం మీదికి మారుతున్నదో చెప్పే అభ్యాసం చేయించారు. పారాలింపిక్స్‌లో 1988 నుంచి ఉన్న దృష్టిలోపం గలవారి జూడోలో పోటీ కూడా ఇద్దరూ పట్టు పట్టాకే మొదలవుతుంది. ఇప్పుడు తడిసిన రైతు బజారులో నడిచేటప్పుడు సైతం నా బరువు ఎక్కడ ఉన్నదో నాకు తెలుస్తున్నది.

పది రోజుల్లో ధైర్యం వస్తుందన్న ప్రకటనలు ఇక్కడ లేవు. నాకు అన్నిటికంటె నచ్చిన విషయం అదే. లోపాలు మాత్రం ఉన్నాయి. మ్యాట్ల మధ్య సందుల్లో కాలివేళ్ళు ఇరుక్కుంటున్నాయి, స్త్రీలు దుస్తులు మార్చుకోవడానికి గది లేదు, సాయంత్రం తరగతిలో పిల్లలనూ పెద్దలనూ కలిపేయడం వల్ల పడటానికి చోటు చాలదు. మెడ, నడుము నొప్పులున్నవారు ముందుగా వైద్యుని అడగడం అవసరం. చేరదలచినవారు ఉదయం తరగతిని ఒకరోజు కూర్చుని చూసి, అందులోనే చేరండి.