చీరలకు నాలుగు స్టార్లు, గేటు దగ్గర సెక్యూరిటీకి ఒక్కటి కూడా ఇవ్వను

హనుమకొండలో ఉన్న ఈ బట్టల మాల్‌లో సరుకుకి వంక పెట్టేది లేదు. గద్వాల, పోచంపల్లి, నారాయణపేట చీరలన్నీ ఒకే ఫ్లోర్‌లో ఉంటాయి, సేల్స్ అమ్మాయిలు ఓపికగా చూపిస్తారు. లాయర్ నోటీసు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

బతుకమ్మ ముందు పరకాల నుంచి వచ్చిన అమ్మను తీసుకుని వెళ్ళాను. చీర కొన్నాం, బిల్లు కట్టాం. నేను స్కూటీ తీయడానికి ముందు బయటికొచ్చాను. వెనక అమ్మ గేటు దాటుతుంటే మిషన్ బీప్ కొట్టింది. గార్డు "ఏయ్ పెద్దమ్మా, ఆగు" అంటూ మణికట్టు పట్టుకుని గుంజాడు. "బిల్లున్నది బిడ్డా, చూడు" అని అమ్మ అంటూనే ఉంది, వినలేదు. గాజులు పగిలి ముక్క గుచ్చుకుంది, రక్తం వచ్చింది. లిఫ్టు వెనక స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టి తలుపు వేశారు. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆమె సంచి టేబుల్ మీద బోర్లించి ఉంది. బీపీ గోళీలు, ఆధార్ జిరాక్స్, తమలపాకులు అన్నీ చెల్లాచెదురు. మేం కొన్న చీర కొంగులో మిషన్‌ని కూయించే ప్లాస్టిక్ ట్యాగ్ అలాగే ఉంది. తీయాల్సింది బిల్లింగ్ కౌంటర్ వాళ్ళు.

మేనేజర్ వచ్చి సారీ చెప్పలేదు. "మేడమ్, వాళ్ళు మా స్టాఫ్ కాదు, ఏజెన్సీ వాళ్ళు" అన్నాడు. కావాలంటే పోలీసులను పిలుస్తామన్నాడు. పిలవండి అన్నాను. పిలవలేదు.

ఆ ఏజెన్సీ మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. గార్డు నిలబడింది వాళ్ళ గేటు దగ్గర, పని చేసింది వాళ్ళ కోసం, మూసింది వాళ్ళ తలుపు. డ్యూటీలో ఉన్నవాడు చేసిన తప్పుకు పెట్టుకున్నవాళ్ళు నష్టపరిహారం కట్టాలన్నది సివిల్ చట్టంలో పాత సూత్రమేనని మా లాయర్ చెప్పారు. అందుకే నోటీసు షాపుకీ ఏజెన్సీకీ ఇద్దరికీ వెళ్ళింది.

గార్డుకు పోలీసు అధికారం లేదు. మామూలు మనిషి ఎవరినైనా పట్టుకోవాలంటే, కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగే), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రాని) నేరం తన కళ్ళ ముందే జరిగి ఉండాలి, లేదా పట్టుకునే ఆ మనిషి పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించిన నేరస్థుడై ఉండాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ఇదే చెబుతుంది. పట్టుకున్నా ఆలస్యం చేయకుండా, 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. మిషన్ కూస్తే నేరం చూసినట్టు కాదు. అరెస్టు చేసిన ఆడమనిషిని సోదా చేయాలంటే పోలీసులే మహిళతో చేయించాలి, మరి ఈ గార్డు ఎవరు? అసలు పోలీసులు అక్రమంగా నిర్బంధించినా ప్రభుత్వం కట్టాల్సిందే. జమ్మూ కశ్మీర్ ఎమ్మెల్యే భీమ్ సింగ్ కేసులో 1985లో సుప్రీంకోర్టు 50,000 రూపాయలు ఇప్పించింది.

మీకిలా జరిగితే ముందు సీసీటీవీ ఫుటేజీ చెరపొద్దని షాపుకు రాసి ఇవ్వండి, కాపీ మీద సంతకం తీసుకోండి. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. దెబ్బ తగిలితే అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో రాయించుకోండి, ఎంజీఎంలో అయినా సరే. అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం దావా ఏడాదిలోపు వేయాలి, వినియోగదారుల కమిషన్‌లో అయితే రెండేళ్ళు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. 15100 నంబర్‌కు ఫోన్ చేయండి.

నోటీసు అందాక షాపు నుంచి ఫోనొచ్చింది, గిఫ్ట్ వోచర్ ఇస్తామన్నారు. అమ్మ వద్దంది. అంతమంది ముందు దొంగ అన్నట్టు లాక్కెళ్ళారు కాబట్టి, క్షమాపణ కాగితం మీద రాసివ్వాలని అడిగింది. ఆ కాగితం ఇంకా రాలేదు.